స్త్రీ కంఠ సాధన

మైక్రోఫోను ముందు కూర్చున్న మనిషికి ముఖము లేదు. కట్టు బొట్టు లేవు, ఎత్తు లావు లేవు. వినువారికి చేరునది కంఠము ఒక్కటే. దానిని బట్టియే శ్రోత వయస్సును ఊహించును, ఊరిని ఊహించును; అన్నిటికంటె ముందు, మాటాడునది స్త్రీయా, పురుషుడా అని నిర్ణయించుకొనును. ఈ నిర్ణయమునకు ఒక పలకరింపు పాటి కాలము చాలును. స్టూడియో గాజుపలకకు ఇవతల కూర్చుండి ఎందరి కంఠములనో తూచు వృత్తి మాది. అయినను ఆ తూనికలో రాళ్లు ఏవో మేము సైతము సులువుగా చెప్పలేము.

తెలుగు భాషలో ఒక చిత్రమున్నది. 'నేను వచ్చినాను' అన్న మాటలో ఆడ మగ తేడా లేదు. హిందీలో అట్లు కాదు; అక్కడ వక్త తన క్రియాపదముతోనే తానెవరో చెప్పుకొనవలెను. మన ఉత్తమపురుష క్రియకు లింగము పట్టదు. 'చిన్నవాడను', 'చిన్నదానను' వంటి మాటలు దొరలిననే తప్ప, ఆ పని యావత్తు కంఠమే చేయుచున్నది. కాని ఎదుటివారికి ఆ వెసులుబాటు లేదు. అయ్యా అనవలెనా, అమ్మా అనవలెనా అన్నది వారు మొదటి మాటలోనే తేల్చుకొనవలెను. సంబోధన లేకుండ తెలుగులో అపరిచితులతో మాట కలుపుట ఎంత కష్టమో ఒక్క దినము ప్రయత్నించి చూచిన తెలియును.

పుట్టినపుడు మగబిడ్డ అని వ్రాయబడి, తాము స్త్రీలమని ఎరిగి, స్త్రీలుగనే జీవించుచున్న ట్రాన్స్‌జెండరు స్త్రీలకు ఈ మొదటి మాట ఎంత బరువైనదో మనము సాధారణముగ తలపోయము. చీర కట్టి వీధిలో నడచినపుడు ఎవరును ఆగి చూడకపోవచ్చును. కూరగాయల బేరమునకు నోరు విప్పగనే నాలుగు తలలు తిరుగును. బ్యాంకుకు టెలిఫోను చేసి తన పేరు చెప్పుకొన్నచో, ఖాతాదారును స్వయముగ మాటాడుమనుడని జవాబు రావచ్చును. కొందరి విషయమున ఇది నవ్వులతో పోవును. కొందరి విషయమున దెబ్బల దాక పోవును. అందుచేత వీరు గొంతును సాధనచేసి మార్చుకొనుటను అలంకారముల పద్దులో వ్రాయుట న్యాయము కాదు.

ఈ సాధన నిన్న మొన్నటిది వలె కనబడును. పురుషుని కంఠమునుండి స్త్రీ కంఠము పలికించు విద్య మాత్రము చాల పాతది. భరతుడు నాట్యశాస్త్రములో పురుషుడు స్త్రీ పాత్రను ధరించుటకు ప్రత్యేకముగ ఒక పేరే పెట్టినాడు: రూపానురూపము. అదే గ్రంథములో స్వరమునకు మూడు స్థానములు చెప్పినాడు: ఉరస్సు, కంఠము, శిరస్సు. రొమ్ములో మోగు స్వరము వేరు, తలలో మోగు స్వరము వేరు అని ఆనాటికే గుర్తించినారన్నమాట. ఈ మూడు స్థానముల మాటను పాఠకులు కొంచెము గుర్తుంచుకొనవలె. మరల దీనితో పని పడును.

మన కూచిపూడి భాగవతులలో ఈ విద్య వంశానుగతముగ వచ్చినది. భామాకలాపములో సత్యభామ ముఖము కనబడకమునుపే తెరమీదినుండి జడ కనబడును, పాట వినబడును. చూపరుల మనస్సులో భామ అప్పటికే నిలిచిపోవును. తెర తొలగుట తరువాతి మాట. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఆ పాత్రకు తమ జీవితమునే ఇచ్చినారు; 1970లో వారికి పద్మశ్రీ లభించినది. మహారాష్ట్రమున బాలగంధర్వుడని పేరు పొందిన నారాయణరావు రాజహంస (1888–1967) సంగీత నాటకములలో స్త్రీ పాత్రలు ధరించి, గాయకుడుగ కూడ ఒక తరమును ఏలినారు.

తెలుగు పద్యనాటక రంగమున స్థానం నరసింహారావుగారిని తలచక ముందుకు పోరాదు. 1902లో బాపట్లలో జన్మించినారు, 1971లో గతించినారు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి: ఈ పేర్లు వినగనే వారు గుర్తువచ్చు కాలమొకటి ఉండినది. 1956లో పద్మశ్రీ పొందినారు. ఒక్క పాటలోని ఒక్క పల్లవిని మరల మరల పాడి, ప్రతిసారి వేరొక భావము చూపగలవారని ప్రతీతి. ఇంటిపేరే స్థానము, భరతుడు చెప్పిన స్థానములు వారి కంఠములో ఎట్లు కుదిరినవో గాని!

ఇక్కడ ఒక విషయము గమనింపవలసి ఉన్నది. పద్యనాటకమున మగపాత్రధారులు కూడ పై శ్రుతిలోనే పాడుచుండిరి. మైకు లేని రోజులలో వెనుక వరుసకు పద్యము చేరవలెనన్న అంతకంటె గత్యంతరము లేదు. కృష్ణుడును ఎత్తున పాడును, భామయు ఎత్తున పాడును. ఇక శ్రుతి ఒక్కటే స్త్రీత్వమునకు గురుతైనచో రంగస్థలముమీద కృష్ణునికి భామకు భేదమెక్కడ? భేదము పలుకు తీరులో ఉండినది. మాటను ఎక్కడ తేలికగ అందుకొనుట, ఎక్కడ జారవిడుచుట, కోపములో సైతము శబ్దమును రొమ్ములోనికి దిగనీయకుండుట: ఇది వారి సొమ్ము. కేవలము కీచుగొంతుతో ఆడువేషము వేయువారు ఆనాడును ఉండిరి. వారికి దక్కినవి హాస్యపాత్రలు. తెల్లవారుదాక నడుచు నాటకములో కీచుగొంతు నిలువదు కూడ.

అయితే నటుని కంఠము కిరీటముతో పాటు పెట్టెలో పెట్టదగినది. తెల్లవారి కాఫీ త్రాగునపుడు ఆయన తన గొంతుతోనే మాటాడును, ఎవరును ఆక్షేపింపరు. స్త్రీగ జీవించు మనిషికి ఆ పెట్టె లేదు. జ్వరములో, కోపములో, నిద్రమత్తులో పలికెడి మాటకూడ ఆమె మాటయే కావలెను. ఈ రెండింటి నడుమనున్న భేదమును సమాజము ఎంత క్రూరముగ పాటించినదో చట్టముల చరిత్ర చెప్పుచున్నది.

1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టములో రెండవ భాగము 'నపుంసకుల'ను గూర్చినది. వారి పేర్లు పట్టికలలో నమోదు చేయవలెను. అట్లు నమోదైనవారు స్త్రీ వస్త్రములు ధరించి వీధిలో కనబడినను, బహిరంగముగ నాట్యమాడినను, వాద్యము వాయించినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. నిజాము రాజ్యములో 1329 ఫసలీలో, అనగా 1919–20 ప్రాంతమున, ఇదే మూసలో ఒక చట్టము వెలసినది. సరిగ్గ ఆ దశాబ్దమున, 1920ల లోనే, తెనాలి రంగస్థలమున చీర కట్టిన పురుషునికి చప్పట్లు మ్రోగుచుండినవి. అక్కడ టిక్కెట్టు కొని చూచిన దానికి ఇక్కడ జైలు. తేడా ఒక్కటే: తెనాలిలో తెర పడిన తరువాత ఆ మనిషి పురుషుడుగ ఇంటికి పోవునని అందరికి తెలియును. హైదరాబాదు చట్టము చిరకాలము పుస్తకములలో బ్రతికినది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. అంతకు తొమ్మిదేండ్ల క్రిందట, 2014 ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కె. ఎస్. రాధాకృష్ణన్, ఎ. కె. సిక్రీ తమ తీర్పులో, తాను స్త్రీయో పురుషుడో తృతీయ వర్గమో నిర్ణయించుకొను హక్కు ఆ మనిషిదేనని చెప్పియుండిరి.

ఇక కంఠము లోపలి సంగతి. బ్రతికియున్న మనిషి గొంతులో స్వరతంత్రులు పలుకుచుండగ చూచినవారిలో మొదట చెప్పదగినవాడు వైద్యుడు కాడు, పాట మాస్టరు. మాన్యుయెల్ గార్సియా అను ఆ గురువు 1854లో దంతవైద్యుల చిన్న అద్దమును నోటిలో పెట్టుకొని, సూర్యకాంతిని దానిపై పడనిచ్చి, తన స్వరతంత్రులను తానే చూచుకొన్నాడు. మరుసటి సంవత్సరము లండన్ రాయల్ సొసైటీకి ఆ విషయము నివేదించినాడు. స్వరతంత్రులు సెకనుకు ఎన్నిమార్లు కంపించునో అదియే శ్రుతి. వయోజనులైన పురుషులు మాటాడునపుడు సుమారు 100 నుండి 130 మార్లు, స్త్రీలు సుమారు 180 నుండి 220 మార్లు కంపించును. బాల్యములో ఈ భేదము స్వల్పము. యుక్తవయస్సులో టెస్టోస్టెరోను అను హార్మోను వలన మగపిల్లల స్వరపేటిక పెరిగి క్రిందికి దిగును, తంత్రులు పొడుగై దళసరియగును. 'గొంతు పగిలినది' అని మనము అనునది దీనినే.

ఒకసారి పగిలిన గొంతు మందుతో అతుకదు. ట్రాన్స్‌జెండరు పురుషులు టెస్టోస్టెరోను తీసికొన్నచో కొలది నెలలలో వారి గొంతు దిగును. ట్రాన్స్‌జెండరు స్త్రీలు ఈస్ట్రోజెను ఎన్ని ఏండ్లు వాడినను గొంతు లేవదు. పెరిగిన స్వరపేటిక తరుగదు గనుక. యుక్తవయస్సు దాటిన తరువాత బీజములను తొలగించినను ఫలము లేదు. ఇటలీలో పూర్వము బాలురను ఆ వయస్సు రాకమునుపే కోసివేసి, ఆ లేతగొంతును గానమునకు నిలుపుచుండిరి. ఆ దుర్మార్గపు కోవలో కడపటివారిలో ఒకడైన అలెస్సాండ్రో మొరెస్కి పాట 1902లోను, 1904లోను గ్రామఫోనుకు ఎక్కినది. విన్నవారెవరును దానిని తేలికగ మరువలేరు.

మందు లేదు, మిగిలినది సాధన. కాని దేనిని సాధింపవలె? శ్రుతిని ఎక్కించిన చాలునా? ఈ ప్రశ్నకు జవాబు రెండు వైపులనుండి వచ్చినది. ఒకటి ప్రయోగశాల. 1952లో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో పీటర్సన్, బార్నీ అను శాస్త్రజ్ఞులు 33 మంది పురుషులచేత, 28 మంది స్త్రీలచేత, 15 మంది పిల్లలచేత కొన్ని మాటలు పలికించి అచ్చులను కొలిచినారు. తంత్రులలో పుట్టిన ధ్వని గొంతులో, నోటిలో తిరిగి మ్రోగును గదా, దానిని అనునాదమందుము. ఒకే అచ్చు పలికినను ఆ అనునాదము పురుషునికి క్రిందుగ, స్త్రీకి కొంత పైన, పిల్లలకు ఇంకను పైన ఉన్నది. కారణము గొట్టము పొడుగు: స్వరతంత్రులనుండి పెదవుల దాక పురుషునికి సుమారు 17 సెంటీమీటర్లు, స్త్రీకి సుమారు 14. పెద్ద కుండ మ్రోత వేరు, చిన్న చెంబు మ్రోత వేరు.

ఇది నిజమా కాదా అని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. గుసగుసలో స్వరతంత్రులు కంపింపవు. అందుచేత గుసగుసకు శ్రుతి లేదు. అయినను చీకటిగదిలో గుసగుసలాడునది ఆడమనిషియో మగమనిషియో చాలవరకు గుర్తుపట్టగలము. ఇంకొక సాక్ష్యము పాత టెలిఫోను తంతి. అది 300 కంపనములకు లోబడిన ధ్వనిని దాదాపు మోయదు. 120 మార్లు కంపించు పురుషుని మూలశ్రుతి ఆ తంతిమీద రానే రాదు. దానిపై పుట్టిన పై పొరలను బట్టి చెవి ఆ శ్రుతిని తానే కట్టుకొనుచున్నది. చెవి ఏ ఒక్క గురుతుపైనను ఆధారపడదని దీనివలన తేలుచున్నది. శ్రుతిని మాత్రము ఎక్కించి తక్కినదంతయు వదలివేసినచో వినబడునది స్త్రీ కంఠము కాదు. ఎత్తున మాటాడుచున్న పురుషుని కంఠమే.

రెండవ వైపు చికిత్సాలయములు. 1970ల చివర వాక్చికిత్సకులు ఒకరిద్దరు రోగుల అనుభవములను ప్రచురింప మొదలిడిరి. 'రోగులు' అన్నది ఆనాటి మాట. 1983లో ఆస్ట్రేలియాలో జెన్నిఫర్ ఓట్స్, జార్జియా డకాకిస్ ఈ శిక్షణలో ఏవేవి గమనింపవలెనో ఒక వ్యాసమున క్రోడీకరించినారు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో స్త్రీ కంఠములుగ వినువారికి తోచినవాని సగటు శ్రుతి 155 కంపనములకు పైననే ఉండినది. అయితే ఆ కంఠములు ఒకే మట్టమున సాగక ఎక్కుచు దిగుచు నడచినవి. నిపుణుల అంతర్జాతీయ సంఘము 1979 నుండి వెలువరించుచున్న చికిత్సా ప్రమాణములలో, 2012 నాటి ఏడవ కూర్పున కంఠమునకు ప్రత్యేకముగ స్థానము లభించినది. రంగస్థలము తన అనుభవముచేత ఎరిగిన దానిని ప్రయోగశాల కొలిచి చూపినది, చికిత్సాలయము పాఠముగ కూర్చినది.

ఆ పాఠము ఎట్లుండునో కొంచెము చెప్పుదును. దినమునకు పావుగంటయో ఇరువది నిమిషములో చాలును. ఒక్కదినమే రెండుగంటలు కూర్చున్న గొంతు బొంగురుపోవును. మొదట గొంతుమీద వ్రేలుంచి గుటకవేసి చూడవలె: స్వరపేటిక పైకి లేచి మరల దిగును. ఆ లేచిన భావమును, బిగింపు లేకుండ, కొంచెముగ నిలుపుట నేర్వవలె. తరువాత కుక్క వలె వగర్చుట. నవ్వవద్దు, ఇది నిజముగ నేర్పు పాఠమే. మొదట పెద్దకుక్క వలె, పిమ్మట చిన్నకుక్కపిల్ల వలె. కుక్కపిల్ల వగర్పులో గొంతు వెనుక చోటు ఇరుకై, ఊపిరి రంగు మారును. ఆ ఇరుకులోనే స్వరము చేర్చవలె. పెదవులు మూసి మకారము మ్రోగించి, ఆ మ్రోత రొమ్మున తగులుచున్నదా, ముక్కు పెదవుల దగ్గర తగులుచున్నదా అని చేతితో చూచుకొనవలె. రొమ్మునుండి ముఖములోనికి దానిని తెచ్చుటయే చాలవరకు సాధన. భరతుని మూడు స్థానములను గుర్తుంచుకొనుమన్నది ఇందులకే.

మకారమునుండి మాటకు, మాటనుండి వాక్యమునకు పోవలెను. 'మా అమ్మ మామిడిమొక్క నాటినది' వంటి అనునాసికములు నిండిన వాక్యము తొలిదినములలో సులువు. పిమ్మట పత్రిక చదువుట, పిమ్మట సంభాషణ. ప్రతి దినము రికార్డు చేసి వినవలె. ఇది అన్నిటికంటె కష్టమని సాధకులు చెప్పుదురు. మొదటిసారి రికార్డింగులో తన గొంతు తాను విన్న ప్రసంగకర్త ముఖము ఎట్లు మారునో మేము ఎరుగుదుము. తనదికాని గొంతుగ జీవితమంతయు దానిని మోసినవారికి అది ఇంకెంత కష్టమో! నెలలు పట్టును, కొందరికి ఏండ్లు పట్టును. బలవంతముగ గొంతు నొక్కినచో నొప్పి, బొంగురు తప్పవు. చేతనైనచో ఒక వాక్చికిత్సకుని చెంత ఆరంభించుట మేలు.

శస్త్రచికిత్స మాట కూడ చెప్పవలె. జపానులో క్యోటో వైద్యుడు నొబుహికో ఇస్షికి 1970లలో స్వరపేటిక మృదులాస్థులను దగ్గరకు చేర్చి తంత్రులను బిగించు పద్ధతిని ప్రకటించినాడు. తరువాత బెర్లిన్‌లో యూర్గెన్ వెండ్లర్ తంత్రుల ముందుభాగమును కలిపికుట్టి, కంపించు పొడుగును తగ్గించు పద్ధతి చూపినాడు. వీణ తీగెను బిగించుట ఒకటి, మెట్టుమీద నొక్కి కురుచ చేయుట ఒకటి అనవచ్చును. రెండును శ్రుతిని ఎక్కించును గాని వీణ కుండను మార్చలేవు. అనునాదము, పలుకుబడి మరల సాధనవలననే రావలెను. గొంతు బలహీనపడు ప్రమాదము కూడ లేకపోలేదు.

మన దేశమున 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కుల చట్టము శస్త్రచికిత్సను, హార్మోను చికిత్సను పేరుపెట్టి చెప్పినది. గొంతును పేరుపెట్టి చెప్పలేదు. మైసూరులో 1965లో ఆరంభమైన అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ వంటి విద్యాలయములు ఎందరో వాక్చికిత్సకులను తీర్చిదిద్దినవి. కాని చిన్న పట్టణములలో నత్తికి, పక్షవాతము వలన పోయిన మాటకే వాక్చికిత్సకుడు దొరకుట అరుదు. ఈ సాధనకు దొరకునని చెప్పుట సాహసము. అందుచేత చాలమంది సెల్‌ఫోనులో పాఠములు వినుచు, అదే ఫోనులో రికార్డు చేసికొనుచు, తలుపు మూసికొని ఏకలవ్యుల వలె నేర్చుచున్నారు. ఆ పాఠములు హెచ్చుగ ఇంగ్లీషువి. ఇంగ్లీషు వాక్యము ఎక్కు తీరు వేరు, తెలుగు వాక్యము ఎక్కు తీరు వేరు. మన ప్రశ్న చివరి దీర్ఘముపై నిలుచును. 'వచ్చినారా' అన్న మాటలోని ఆ 'రా' పైననే మన మర్యాద, చనువు, అలుక అన్నియు పలుకును. మన రంగస్థల కళాకారులు ఆ దీర్ఘమును ఎట్లు పలికించినారో గ్రామఫోను రికార్డులలో ఇంకను వినవచ్చును. వానిని దగ్గర పెట్టుకొని తెలుగు కంఠమునకు ఒక పాఠము కూర్చు పనికి వాక్చికిత్సకులు, నటులు, మావంటి ప్రసారకులు కలిసి కూర్చొనవలసి ఉన్నది. సాధకులైన స్త్రీలు లేకుండ మాత్రము కాదు.

వారందరును ఒకే గొంతు కోరుదురని అనుకొనుట కూడ పొరపాటే. తన పాత గొంతు తనదేయని, దానితోనే స్త్రీనని నిలుచువారున్నారు. కొందరు టెలిఫోనుకు మాత్రము చాలినంత నేర్చుకొని ఊరకుందురు. కొందరు తల్లితో మాటాడునపుడు పాత గొంతుకు తమకు తెలియకుండ జారిపోవుదురు. సాధన ఎంత ముదిరినను కడపట లొంగునవి దగ్గు, తుమ్ము, పకాలున వచ్చు నవ్వు. మాటను దిద్దుకొన్నంత తేలికగ నవ్వును దిద్దుకొనలేము గనుక, ఏండ్ల తరువాత ఒకనాడు ఆలోచింపకయే క్రొత్త గొంతులో నవ్విన క్షణమును వారు తారీఖుతో సహా గుర్తుంచుకొందురట.